తిన్నవాడి జ్ఞాపకం

ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా, ఏ పెళ్లిపందిట్లో అరవై దాటినవాళ్లు నలుగురు ఒకచోట చేరినా ఇప్పుడు ఒకటే పాట. మా అమ్మ బీరకాయ చెక్కు కూడా పారేసేది కాదండీ, పచ్చడి చేసేది. గుప్పెడు కందిపప్పుతో ఎనిమిది మందికి పప్పుచారు కాచేది. పొద్దున్నే చద్దన్నం, అందులో ఇంత మజ్జిగ, ఓ ఉల్లిపాయ, ఓ ఊరమిరపకాయ. ఆ రుచి ఇవాళ ఏ స్టార్ హోటల్లో దొరుకుతుంది చెప్పండి? ఆ తిండి తిన్నాం కనకే రాళ్లు తిన్నా అరిగించుకున్నాం, ఇప్పటి పిల్లలు నూడుల్స్ తిని నీరసించి పోతున్నారు. చివర్లో ఒక నిట్టూర్పు, మర్నాటికి ఒక వాట్సాప్ ఫార్వర్డు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లం ఈ పాటకి మరీ గొంతు కలుపుతాం. గోంగూర మాది, కొరివికారం మాది, ఉలవచారు మాది అనుకుంటాం గదా. నల్లరేగడి మీద పుట్టి ఆ తిండే తిని పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ పచ్చళ్ల రుచి మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా సాక్షితోనే. ఈ జ్ఞాపకాలన్నీ పీట మీద కూర్చుని తిన్నవాడు చెప్పినవి. పొయ్యి ముందు కూర్చున్నావిడ వాంగ్మూలం వీటిలో ఎక్కడా లేదు.

అది దొరకదా అంటే దొరుకుతుంది. నోటితో చెప్పకపోయినా చేతులతో చెప్పింది. వీలు చిక్కిన రోజున ఆ ఇళ్లలో ఆడవాళ్లు మొట్టమొదట ఏం వదిలించుకున్నారో చూడండి. ఊళ్లోకి రైసుమిల్లు రాగానే రోకలిని మూల నిలబెట్టారు. పిండిమర రాగానే తిరగలి పశువుల కొట్టంలోకి పోయింది. మిక్సీ రాగానే రోలు పెరట్లో కోళ్లకు నీళ్లతొట్టి అయింది. 1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు వస్తాయంటే డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు పేర్లు రాయించుకోవడానికి ఎగబడ్డారు. వరిబియ్యం అందుబాటులోకి రాగానే జొన్న సంగటిని దించేశారు. వీటిలో ఏ ఒక్కదాని కోసమైనా ఒక్క ఆడమనిషి బెంగపెట్టుకున్నట్టు నేను వినలేదు. రోట్లో నూరిన పచ్చడి రుచే వేరని లొట్టలు వేసేదెవరో గమనించండి. జన్మలో పచ్చడిబండ పట్టని మహానుభావుడు.

పొదుపంటే ఉన్నదాన్ని సర్దుకోవడం, నిజమే. కానీ సర్దాలంటే ఎక్కడో ఒకచోట కోత పడాలి. గుప్పెడు పప్పు ఎనిమిది మందికి సరిపోదు, నీళ్లు పోస్తే సరిపోయినట్టు కనపడుతుంది అంతే. ముందు మగవాళ్లకి, తర్వాత మగపిల్లలకి, ఆ తర్వాత ఆడపిల్లలకి. పొలం నుంచి ఆలస్యంగా వచ్చే మరిదికి మూతపెట్టి ఉంచిన గిన్నె జోలికి ఎవరూ పోకూడదు. ఇన్నీ పోగా ఆవిడ విస్తట్లోకి వచ్చేది గిన్నె అడుగున పట్టిన మాడు, తేట చారు, జాడీలో ఎప్పుడూ ఉండే పచ్చడి. మిగిలిందీ తగ్గిందీ అన్నీ ఆవిడ పొట్టలోనే సర్దుబాటయ్యేవి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇది రేషను బియ్యం, గ్యాసు పొయ్యి, బడిలో మధ్యాహ్నం గుడ్డు వచ్చిన తర్వాతి సంగతి. అవేవీ లేని కాలంలో ఇంటింటికీ తిరిగి నెత్తురు పరీక్ష చేసినవాళ్లు లేరు. లేరు కాబట్టే ఆ కాలపు తిండిని అమృతం అనడానికి మనకి అడ్డు లేకుండా పోయింది.

పొయ్యి సంగతి ఎవరూ రాయరు. కట్టెల పొయ్యి మీద వండితే ఆ కమ్మదనమే వేరంటారు గాని, ఏ కట్టె అన్నది అడగరు. మా వైపు సరుగుడు, తుమ్మ కొనుక్కోగలిగింది కాస్త ఉన్నవాళ్లు. మిగతా జనానికి పత్తికట్టె, కందికంప, పిడకలు. పత్తితీతలు ముగిశాక చేలో కట్టె పీకి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని ఇంటికి చేర్చేది ఆడవాళ్లే. అది గుప్పున మండి చప్పున ఆరిపోయే సరుకు. అన్నం ఉడికేదాకా ఒక మనిషి అక్కడే కూర్చుని ఎగదోస్తూ ఉండాలి, కదలడానికి లేదు. మిరపకట్టె అయితే మరీ ఘోరం. కొమ్మని అంటిపెట్టుకున్న నాలుగు తాలుకాయలు నిప్పులో పడ్డాయంటే ఆ పూట ఇంట్లో వాళ్లంతా దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తాలి. ఆవిడ తప్ప. పొయ్యి మీద ఎసరు ఉంది గదా. రోజుకి రెండు పూటలు, నలభై ఏళ్లు ఆ పొగ పీల్చిన ఊపిరితిత్తుల ఖర్చు మన పొదుపు పద్దులో ఏ గళ్లో రాద్దాం?

ఉలవచారు కథ ఇంకా ముచ్చటైంది. ఒంగోలు గిత్తను చూసి మురిసే రైతు ఎద్దుకి దాణా పెట్టకుండా తను ముద్ద ముట్టడని గొప్పగా చెప్పుకుంటాం. ఆ దాణా కోసం ఉలవలు ఉడకేసేవాళ్లు. ఉడికిన ఉలవలు ఎద్దుకి, వంచిన నీళ్లు మనిషికి. ఆ నీళ్లను సన్నటి సెగ మీద గంటల తరబడి మరగనిచ్చి, చింతపండు, కారం వేసి, వేలికి అంటుకునే చిక్కదనం తెప్పించి చారుగా దింపిన ఆడవాళ్ల తెలివికి రెండు చేతులా దండం పెట్టాలి. అందులో అనుమానమే లేదు. కానీ ఆ ఏర్పాటు ఏమిటో ఒకసారి చూడండి. ఉలవలో బలమంతా నాగలి లాగేవాడికి పోయింది. నాగలి పట్టినవాడికి నీళ్లు వచ్చాయి. రైతింట్లోనైతే ఆ చారులో వెన్నపూసో మీగడో పడేది. గొడ్లచావిడి గడపలో కూర్చున్న పాలేరు సత్తుగిన్నెలోకి ఒంపినప్పుడు వట్టి చారే. ఇవాళ అదే చారు సీసాల్లో, పొట్లాల్లో అమెరికా దాకా పోతోంది, పైన క్రీము కూడా వేసుకుంటున్నారు. వేసుకోనివ్వండి. తరతరాల ఆరోగ్య రహస్యం అని ఆ సీసా మీద అచ్చేయడం దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక కారం. గుంటూరు మిరప యార్డు ఆసియాలోనే పెద్దదని, మా నాలుకలు అందరి నాలుకలకన్నా మొండివని మాకో గర్వం. ఆ గర్వం మీద సినిమా పేరు కూడా పెట్టుకున్నారు. అసలు ఈ మిరపకాయ మనది కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో దిగిన చుట్టం. పల్నాటి జొన్నకూటిని వెక్కిరించాడని చెప్పే శ్రీనాథుడు అంతకు ముందువాడు, పాపం ఆయన మిరపకాయ రుచి చూడకుండానే పోయాడు. అంత ఆలస్యంగా వచ్చిన కాయ పేదవాడి వంటింటిని అంత త్వరగా ఎలా ఆక్రమించిందంటే జవాబు సులువు. కూర లేని చోట కూరపని చేసింది. పచ్చిమిరపకాయ కొరికి, ఉప్పు కారం కలిపి, మీద నీళ్లు తాగితే పెద్ద ముద్దలు దిగుతాయి, పొట్ట నిండినట్టుంటుంది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, ఆకలి మాత్రం కాసేపు నోరు మూసుకుంటుంది. మేలైన కాయ యార్డుకి, తాలుకాయ కూలింటి కారానికి. ఆకలి రుచి ఎరుగదన్నారు పెద్దలు. మన జ్ఞాపకాల్లో రుచిగా ఊరుతున్నదాంట్లో సగం ఆ ఆకలే కాదని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

ఆరోగ్యం మాటకొస్తే ఆవేశం కన్నా కాగితాలు మేలు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ పల్లెల్లో పళ్లు గారకట్టి, నడుములు బిగుసుకుపోయి, మెడ తిప్పలేని మనుషుల గురించి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యలోకానికి తెలిసిన మొదటి కథ అదే. దోషం బావినీళ్లది, ఒప్పుకుంటాను. కానీ వరన్నం తినేవాళ్ల కన్నా జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970ల్లో చూపించారు. అంతకు ముందే, 1960లో, గోపాలన్, శ్రీకంఠయ్య అనే డాక్టర్లు దక్కనులో జొన్న తప్ప వేరే తిండి లేని పేదల్లో వచ్చే పెల్లాగ్రా గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేచిపోయే జబ్బది. జొన్న చెడ్డదని నేననడం లేదు. పప్పు, పాలు, ఆకుకూర, మాంసం పక్కనుంటే జొన్న బంగారం. పక్కన ఏమీ లేని జొన్నే ఆ రోజుల్లో పొదుపు భోజనం.

ఎదుటివాళ్ల మాటలో న్యాయం ఉన్న చోట ఒప్పుకోవాలి గనక ఒప్పుకుంటాను. దంపుడు బియ్యం సంగతిలో పాతవాళ్లే నెగ్గారు. మరబియ్యం తెల్లగా పాలిష్ పట్టి తినడం మొదలయ్యాక కోస్తా జిల్లాల్లో బెరిబెరి వేధించింది. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం పొద్దుటికి పులిసి కడుపుకి మేలు చేస్తుందన్నదీ అబద్ధం కాదు. అయితే ఆ బియ్యం దంచిన చేతులెవరివని మళ్లీ అదే ప్రశ్న. తెల్లవారుజామున ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వరసగా రోకళ్లు వేస్తే గాని ఆ పూట బియ్యం తేలేవి కావు. మరబియ్యంలో విటమిన్లు పోయాయి, దంచేవాళ్ల నడుంనొప్పి కూడా పోయింది. ఆ రెండో మాట చెప్పకుండా మొదటిది ఒక్కటే చెప్పేవాళ్లని నమ్మడం కష్టం.

ఇంకో లోటుంది, దాన్ని లోటు అనడం కన్నా ఎంపిక అనడం సబబు. పొదుపు వంటల మీద ఇన్ని వ్యాసాలు, ఇన్ని వీడియోలు వస్తున్నాయి గదా, అసలు సిసలు పొదుపు వంట వాటిలో ఎందుకు లేదు? ఎండు తునకల కూర ఏది? మాంసాన్ని సన్నగా కోసి, దండేల మీద ఎండబెట్టి, వానాకాలానికి దాచుకుని, దోసకాయతోనో గోంగూరతోనో ఉడికించుకోవడాన్ని మించిన పొదుపు ఏముంది? బోటి, తలకాయ, కాళ్లు, నెత్తురు ఏదీ పారేయకుండా వండుకున్న పల్లెల వంట ఏది? బీరచెక్కు పచ్చడి చేసిన తల్లి మహాతల్లి, నెత్తురు వేపిన తల్లి మాటే ఎత్తకూడదా? పాత రుచులు అని మనం కలవరించేది ఊళ్లో ఒకటి రెండు వీధుల రుచులను. కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైంది మాదిగపల్లె తాగే చెరువులో గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్న మాట దగ్గర. అది ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసేదాకా పోయింది. ఎసట్లో పోసుకునే నీళ్ల దగ్గరే అంత తేడా ఉన్న ఊళ్లలో ‘మా ఊరి వంట’ అని ఒకటే వంట ఉన్నట్టు రాయడానికి చెయ్యి ఎలా వస్తుందో. ఈ నేల ఆకలిని అక్షరాల్లో పెట్టినవాళ్లు లేక కాదు. వినుకొండలో పుట్టిన జాషువా 1941లోనే గబ్బిలం రాశాడు. ఆయన్ని పాఠ్యపుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నాం, వంటింటి జ్ఞాపకాల దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాం.

ఏదీ పారేయకపోవడం అనే ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు పట్టింది. మూడోవంతు జనానికి పైగా పోయారని లెక్కలున్నాయి. తర్వాత 1876లో ధాత కరువు. చింతగింజలు, ఆకులు, దుంపలు ఉడకేసుకుని బతికినవాళ్ల మనవళ్లూ మునిమనవళ్లూ మెతుకు కిందపడితే కళ్లకద్దుకున్నారు. మనం దాన్ని సంస్కృతి అంటాం. భయం అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. అంత వెనక్కి ఎందుకు, 1991లో నూలు ధరలు పెరిగి మగ్గాలు ఆగినప్పుడు చీరాల వైపు చేనేత ఇళ్లలో ఆకలిచావులు జరిగాయి. గంజి నూలుకి పెట్టాలా బిడ్డకి పొయ్యాలా అన్న ఇంట్లో గంజి ఔషధగుణాల గురించి ఉపన్యాసం ఇచ్చి రాగల ధైర్యం ఎవరికుంది?

ఈ కథని మార్చింది ఏ అమ్మమ్మ చిట్కానో కాదు. 1967లో నాగార్జునసాగరు కుడికాలవలోకి నీళ్లు వదిలారు. 1983లో ఎన్టీ రామారావు కిలో బియ్యం రెండు రూపాయలకి ఇచ్చాడు. జొన్నంబలి తాగే ఇంట్లో రోజూ తెల్లన్నం ఉడకడం, పండక్కి తప్ప వరన్నం ఎరగని పిల్లలు మామూలు రోజున అన్నం తినడం ఆ రెండింటి మూలంగా జరిగాయి. అప్పుడు మోతుబరులు ఏమన్నారో గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. చవక బియ్యం తిని కూలీలు సోమరులైపోతున్నారు, పిలిస్తే పనికి రావడం లేదు అన్నారు. అంటే అంతకు ముందు వాళ్లని తెల్లారేసరికి పొలానికి లాక్కొచ్చింది ఆకలేనని వాళ్లే చెప్పుకున్నారన్నమాట. గంజి తాగేవాడికి మీసాలు ఎగబట్టేవాడొకడా అని వెక్కిరించిన నోళ్లే, గంజి మానేసినవాడిని చూసి గంజి ఎంత మంచిదో అని వగచాయి. ఇప్పటి మన చద్దన్నం కీర్తనలకీ ఆ వగపుకీ చుట్టరికం ఉంది.

మరి ఇప్పటి తిండి బాగుందా, పంచదార జబ్బు ఇంటింటికీ లేదా అని అడుగుతారు. ఉంది. పొట్లాల తిండి, మూడుపూటలా తెల్లన్నం, బైకు దిగని ఒళ్లు, ఇవన్నీ కలిసి తెచ్చిన జబ్బుకి మందు వెతకాల్సిందే. కానీ తిండి ఎక్కువై వచ్చిన జబ్బుకీ తిండి లేక చేసిన వంటకీ ముడిపెట్టి, అదే వైద్యం అంటే ఎలా? 2023ని చిరుధాన్యాల సంవత్సరం చేశారు. కొర్రలు, అండుకొర్రలు, వరిగలు నగరాల్లో గాజు సీసాల్లోకి ఎక్కాయి. ప్రకాశం మెట్టల్లో వరిగన్నం తిని పెరిగిన కూలివాడు ఇవాళ ఆ ధరకి వరిగలు కొనలేడు. వాడు తప్పక తిన్నది, మనం సరదా పడి తింటున్నది ఒకటే గింజ కావచ్చు, ఒకటే భోజనం మాత్రం కాదు. పొదుపు అంత గొప్ప గుణమైతే ఆ గుణం అలవరచుకోవాల్సినవాళ్లు వేరే ఉన్నారు. పెళ్లిలో నలభై రకాలు వడ్డించి సగం కుప్పతొట్టిలో పోస్తున్న మనం.

నిజానికి ఆ పొదుపు వంట ఎక్కడికీ పోలేదు. సంక్రాంతి దాటాక ప్రత్తిపాడు, మేడికొండూరు, ఫిరంగిపురం పొలాల మీదుగా వెళ్లండి. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కూలికి, వచ్చిన కుటుంబాలు మిరపచేల పక్కన టార్పాలిన్ గుడిసెలు వేసుకుని ఉంటాయి. బడి మానిన పిల్లలు చంటివాళ్లని ఆడిస్తుంటారు. కాయ కోసి కోసి మండే వేళ్లతో ఆడవాళ్లు పొద్దు గూకాక మూడు రాళ్ల మధ్య మంట పెడతారు. పొయ్యిలోకి చేలో దొరికిన కట్టె, కుండలోకి రేషను బియ్యం, అన్నంలోకి చింతపండు పులుసో కారమో. ఒక్క మెతుకు పోనివ్వరు. మనం కలవరిస్తున్నవన్నీ అక్కడున్నాయి, కట్టెల పొయ్యి, తాజా కారం, చేలగట్టు ఆకుకూర, ఆరుబయట భోజనం. ఒక్క సాయంత్రం కూడా అక్కడ కూర్చుని తినాలని మనలో ఎవరికీ అనిపించదు, ఎందుకో అందరికీ తెలుసు. వాళ్లకి కావలసింది మన మెప్పు కాదు. రేషను బియ్యం ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నా తీసుకోవచ్చు, మంచిదే. బియ్యంతో పాటు కందిపప్పు, నూనె కూడా నెలనెలా తప్పకుండా, సరిపడా వస్తే ఆ కుండలో పప్పు కాస్త చిక్కబడుతుంది. పిల్లలకి పొలం దగ్గరే బడి నడిచి, మధ్యాహ్నం గుడ్డు దొరికితే ఇంకా మేలు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ పిల్లల్లో ఎవరైనా అమ్మ వంట గురించి రాయాలని కూర్చుంటే, అమ్మ కూడా తమతో పాటే కూర్చుని తినేదని రాయగలిగితే, అప్పుడు ఆ వ్యాసాన్ని నేను ఖండించను.